జేబు టార్చి కొనేటప్పుడు పావు చుట్టు పరీక్ష

కరెంటు పోయిన రాత్రి సంచిలోంచి చిన్న టార్చి తీస్తే వెలగదు. తాళంచెవులో, పర్సో తగిలి స్విచ్చి నొక్కుకుపోయి, సెల్ పగలే ఖాళీ అయిపోయి ఉంటుంది. నాకు రెండుసార్లు ఇలా జరిగాక, కొట్టులోనే ఒక పరీక్ష చేసి కొంటున్నాను.

టార్చి వెలిగించి, వెనక మూతను పావు చుట్టు వదులు చేయండి. దీపం ఆరిపోతే అదే తీసుకోండి. మూత తిరిగే అల్యూమినియం మరల (స్క్రూ గాట్ల) మీద ఆనోడైజింగ్ పూత, అంటే విద్యుత్తును ఆపే గట్టి పొర, ఉంటే విద్యుత్తు వాటి గుండా పోదు. మూత పూర్తిగా బిగించి, అంచు టార్చి గొట్టానికి తగిలితేనే విద్యుత్ వలయం పూర్తవుతుంది. జేబులో వేసుకునే ముందు ప్రతిసారీ అంతే వదులు చేయండి, ఆ తరువాత స్విచ్చి ఎంత నొక్కుకున్నా భయం లేదు.

ఒక్క ఏఏ పెన్సిల్ సెల్‌తో నడిచేది మేలు, పల్లెలో కిరాణా కొట్టులోనూ దొరుకుతుంది. డబ్బా మీది పెద్ద ల్యూమెన్ల (వెలుగు కొలత) అంకెల వెంట పడకండి: తాళం రంధ్రం వెతకడానికి 5 నుంచి 10 ల్యూమెన్లు, చీకటి సందులో నడవడానికి 100 చాలు. తక్కువ వెలుగుతో మొదలయ్యేది దొరికితే ఇంకా మంచిది, పడుకున్న పిల్లల కళ్లలో ఒక్కసారిగా వెలుగు పడదు.

పూత లేని మరలున్న వాటిలో, సెల్ బయటికి రాని యూఎస్‌బీ చార్జింగ్ రకాల్లో ఈ పద్ధతి పనిచేయదు. వానలో మాత్రం మూత బిగించే ఉంచండి, వదులుగా ఉంటే నీరు లోపలికి దిగవచ్చు.