మనకు తెలిసిన 'మంచోడు' భార్యను కొట్టాడని తెలిస్తే ఏం చేయాలి

ముందు "ఛ, వాడు అలాంటివాడు కాదే" అనే మాటను నోటి దాకా వచ్చినా మింగేయండి. వాడు మీతో ఎలా ఉంటాడో మీకు తెలుసు, తలుపేసుకున్నాక ఆమెతో ఎలా ఉంటాడో ఆమెకే తెలుసు. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద సుమారు 51,100 మంది స్త్రీలు, ఆడపిల్లలు భర్త, ప్రియుడు, లేదా సొంత ఇంటివాళ్ల చేతుల్లోనే హతమయ్యారు, అంటే రోజుకు 140 మంది. మనమేమో ఇంకా చీకటి సందులో ముక్కూమొహం తెలియనివాడి కోసం వెతుకుతుంటాం.

"కోపంలో ఒళ్లు తెలియలేదు పాపం" అని ఎవరైనా అంటే మాత్రం వదలొద్దు. నేను ఒకసారి చూశాను, భార్య మీదికి గిన్నె విసిరి అరుస్తున్న మనిషికి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, రెండో రింగుకే ఎత్తి "చెప్పండి సార్, ఫ్రీగానే ఉన్నా" అన్నాడు, అదీ ఎంత మెత్తగానో! పెట్టేశాక ఎక్కడ ఆపాడో అక్కణ్ణుంచే మళ్లీ మొదలు. ఒళ్లు తెలియనివాడికి సార్ ఎలా గుర్తున్నాడో అడగండి. తాగుడు సంగతీ అంతే, గొడవను పెంచుతుంది నిజమే, కానీ తాగి ఎవరినీ కొట్టనివాళ్లు బోలెడుమంది.

మృగం, రాక్షసుడు అని తిట్టడం కూడా తగ్గించండి (నాకూ ఆ అలవాటుంది). కొట్టేవాడికి కొమ్ములుంటాయని నమ్మితే, నవ్వుతూ పలకరించే పక్కింటాయన మీద ఎవరికీ అనుమానమే రాదు. మాట కూడా సరిచేసుకోవాలి, "ఆమె దెబ్బలు తింది" అంటాం గానీ అందులో కొట్టినవాడే కనపడడు. "అతను కొట్టాడు" అనండి.

అతనితో మాట్లాడితే మొదట అసలేం జరగలేదంటాడు, తర్వాత "దాని నోరు మీకు తెలీదు" అంటాడు, చివరికి తనే బాధితుడినని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. ఈ వరసకు 1997లో జెన్నిఫర్ ఫ్రెయిడ్ అనే అమెరికన్ సైకాలజిస్టు డార్వో అని పేరు పెట్టారు. ఇలా మాట్లాడినంత మాత్రాన నేరం రుజువైపోదు, కానీ ఆ ఏడుపు చూసి మీరు జడ్జి అయిపోకండి.

అసలు అతన్ని నిలదీసే ముందు ఆమెను అడగాలి, అదీ ఒంటరిగా, అతను చూడగలిగే ఫోన్లో మెసేజ్ పెట్టకుండా. మీరు నాలుగు మాటలని వచ్చేస్తారు, ఆ కోపం రాత్రికి ఆమె మీదే పడుతుంది. "వదిలేసి వచ్చెయ్" అని కూడా తొందరపెట్టొద్దు, విడిపోయే సమయమే చాలాసార్లు అన్నిటికన్నా ప్రమాదకరం. ఎప్పుడు వెళ్లాలి, ఎవరికి చెప్పాలి అన్నది ఆమెనే తేల్చుకోనివ్వండి, ఈలోగా అర్ధరాత్రి ఫోన్ వస్తే ఎత్తండి.