జెట్ స్కీతో లాగుతున్నారా? చిక్కులన్నీ తాడు దగ్గరే

డల్లాస్ పక్కన లూయిస్‌విల్ లేక్‌లో జెట్ స్కీ (నీళ్ల మీద నడిపే బైక్ లాంటి బండి) వెనక మనుషులు కూర్చునే గాలి ట్యూబ్ కట్టాక మొదటి పది నిమిషాలు సరదాగానే ఉంటుంది. గొడవలు ఆ తర్వాతే.

ఇంజన్ అరుస్తోంది, బండి కదలట్లేదు
బండిని ముందుకు తోసే పంపు, వదులుగా ఉన్న తాడును నీళ్లతో పాటే లోపలికి లాక్కుని ఇంపెల్లర్ (పంపులో తిరిగే ఫ్యాన్) షాఫ్టుకు చుట్టేసుకుంది. ముందు ఇంజన్ ఆపి లాన్యార్డ్ (నడిపేవాళ్లకు తగిలించి ఉండే, పీకితే ఇంజన్ ఆగే తాడు) పీకేయండి, తర్వాతే చెయ్యి పెట్టండి. తాడు ఊడి రాకపోతే కోసెయ్యాలి. ఇకపై తాడు బిగిసేదాకా మెల్లగా నడిపి, అప్పుడు వేగం పెంచండి. నీళ్లలో తేలే తాడే వాడండి.

మలుపులో ట్యూబ్ దూరంగా విసిరేసినట్టు పోతోంది
మలుపు బయటి వైపు ట్యూబ్ మీకంటే వేగంగా వెళ్తుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, వెడల్పుగా తిప్పండి. థ్రాటిల్ పూర్తిగా వదిలేస్తే మాత్రం కష్టం: పంపు నుంచి నీళ్లు చిమ్మితేనే జెట్ స్కీ తిరుగుతుంది. భయపడి థ్రాటిల్ వదిలేస్తే హ్యాండిల్ ఎంత తిప్పినా బండి నేరుగానే పోతుంది.

ట్యూబ్ మీది మనిషి పడిపోయినా తెలియలేదు
అద్దం చాలదు. వెనక్కి చూస్తూ ఒకరు కూర్చోవాలి. పడ్డవాళ్లను ఎక్కించుకోవడానికి సీటు కావాలి కాబట్టి ముగ్గురు పట్టే బండే తీసుకోండి.

ఆగిపోయిన జెట్ స్కీని ఒడ్డుకు లాగాక ఇంజన్‌లో నీళ్లు
టెక్సస్‌లో సూర్యాస్తమయం తర్వాత జెట్ స్కీ నడపకూడదు. ఓ సాయంత్రం ఆ టెన్షన్‌లో మా ఫ్రెండ్ బండిని గబగబా లాగేశాం. ఒడ్డున సీటెత్తి డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంది.

ఇంజన్ నడుస్తుంటే కూలింగ్ నీళ్లను ఎగ్జాస్ట్ పొగ బయటికి తోసేస్తుంది. ఆగిపోయిన బండిని వేగంగా లాగితే పంపులో దూరిన నీళ్లు కూలింగ్ హోస్ గుండా ఎగ్జాస్ట్‌లోకి, అక్కడి నుంచి సిలిండర్లలోకి చేరతాయి. చాలా మోడళ్లకు గంటకు 8 కిలోమీటర్లు దాటొద్దు, అంటే మెల్లగా పరుగెత్తే మనిషి వేగం. అంతకు మించి లాగాల్సి వస్తే మాన్యువల్‌లో చూపిన కూలింగ్ హోస్‌ను క్లాంప్‌తో నొక్కి పెట్టాలి.

నీళ్లు ఇప్పటికే చేరాయా? స్పార్క్ ప్లగ్గులు విప్పేదాకా స్టార్ట్ బటన్ జోలికి వెళ్లొద్దు. సిలిండర్లో నీళ్లు గాలిలా నలగవు, పిస్టన్లను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్లే వంగిపోతాయి. ప్లగ్గులు విప్పాక క్రాంక్ చేసి (స్టార్టర్‌తో ఇంజన్ తిప్పి) నీళ్లు కక్కించి, ఆయిల్ మార్చాలి. ఉప్పునీళ్లయితే అదే రోజు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. హోస్‌కు పెట్టిన క్లాంప్ తీయకుండా ఇంజన్ ఆన్ చేస్తే అది వేడెక్కి పాడవుతుంది. అందుకే మేమిప్పుడు క్లాంప్‌కు ఎర్ర గుడ్డముక్క కడుతున్నాం.