మంచులో తడిసిన రైఫిల్‌కు తుప్పు పట్టకుండా

ముందే ఒక మాట, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు ఒప్పుకోదు, కాబట్టి లైసెన్సు, అనుమతి ఉండి అడవిపందుల నుంచి చేను కాసుకునేవాళ్ల కోసమే ఇది రాస్తున్నా. వనపర్తి వైపు యాసంగి పల్లి చేన్లో తెల్లారేసరికి బారెల్ మీద మంచు చుక్కలు చుక్కలుగా నిలుస్తుంది. అది కనిపిస్తుంది కాబట్టి తుడుస్తాం, చేతి చెమటను మాత్రం వదిలేస్తాం. చెమటలో ఉప్పుంటుంది, బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) పిడి మీద వేలిముద్ర ఆకారంలోనే ఎర్రగా తుప్పు లేవడం నేను కళ్లారా చూశాను.

ఇంటికి రాగానే తూటాలు తీసి, చాంబర్ (బారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలు పెట్టి కూడా చూడండి. తర్వాత పొడి నూలు గుడ్డతో బయటంతా తుడవాలి, ముఖ్యంగా స్లింగ్ (భుజానికి తగిలించుకునే పట్టీ) కొక్కేల కింద, చెక్కా ఇనుమూ కలిసే అంచు దగ్గర, ఎందుకంటే తడి దాక్కునేది అక్కడే. బారెల్ లోపలికి చాంబర్ వైపు నుంచి రాడ్‌తో గుడ్డ ముక్కలు తోస్తూ ఉండండి, పొడిగా, శుభ్రంగా వచ్చేదాకా. ఆపైన గన్ ఆయిల్, అంటీ అంటనట్టు పల్చగా. కొబ్బరినూనె మాత్రం వద్దు, చలికి గడ్డకడుతుంది.

మళ్లీ పేల్చే ముందు బారెల్ లోపలి నూనెను పొడి గుడ్డతో తీసెయ్యాలి, ఇది మర్చిపోతే ప్రమాదం.

తడిసిన కవర్‌లో తుపాకీని రాత్రంతా ఉంచకండి. కవర్‌ను ఎండలో ఆరేసి, తుపాకీని సిలికా జెల్ పొట్లాలు వేసిన బీరువాలో పెట్టి తాళం వెయ్యండి.