ఆపరేషన్ అయింది, కీమో మొదలవబోతోంది: ఈలోగా చూసుకోవాల్సినవి

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కీ మొదటి కీమోకీ మధ్య మామూలుగా మూడు నుంచి ఆరు వారాలు దొరుకుతాయి. ఇంట్లో అందరూ రెస్ట్ తీసుకోమనే అంటారు. తీసుకోండి, కానీ కీమో మొదలయ్యాక కష్టమయ్యే పనులన్నీ ఇప్పుడే తెమల్చుకోండి.

ముందు కాగితాలు. ఆపరేషన్ తర్వాత వచ్చే బయాప్సీ రిపోర్టులో ఈఆర్, పీఆర్ (గడ్డ హార్మోన్లకు స్పందిస్తుందా అని చెప్పేవి), హెర్-2 (గడ్డ కణాల మీద ఉండే ఒక ప్రోటీన్) ఏమని రాశారో చూడండి. ఏ మందు, ఎన్నాళ్లు అన్నది చాలావరకు తేల్చేవి అవే. పరీక్ష కోసం గడ్డ ముక్కతో చేసిన స్లైడ్లు, బ్లాకులు ఎక్కడున్నాయో కనుక్కోండి. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలోనో, విశాఖ అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో మరోసారి చూపించుకోవాలనుకుంటే అవి కావాల్సి వస్తాయి. ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద చేయించుకునేవాళ్లు కీమో, రేడియేషన్ రెండూ అదే ఆసుపత్రిలో వర్తిస్తాయో లేదో ముందే అడగాలి.

పుచ్చుపళ్లు, చిగుళ్ల వాపు ఉంటే ఇప్పుడే చూపించుకోండి. గుండెకు ఎకో, హెపటైటిస్-బి పరీక్ష చేయించమంటే వాయిదా వేయొద్దు. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆ మాట కీమోకి ముందే చెప్పాలి, తర్వాత దారులు తగ్గిపోతాయి. అత్తగారి ముందు అడగలేకపోతే డాక్టరుతో విడిగా మాట్లాడండి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

చంకలో లింఫు గ్రంథులు తీసి ఉంటే ఆ వైపు చేతికి వీలైనంతవరకు సూది, బీపీ పట్టీ వద్దు. బిగుతు గాజులు తీసేయండి. కత్తిపీటతో చేయి తెగినా, నూనె చిట్లినా వెంటనే కడిగి, ఎర్రబడుతోందేమో గమనించండి. సర్జన్ సరేనన్నాక గోడ మీద వేళ్లతో పైకి పాకించే వ్యాయామం రోజూ చేయాలి. నొప్పని మానేస్తే భుజం పట్టేస్తుంది. రేడియేషన్‌కి చేయి తలపైకి ఎత్తి పడుకోవాలి. ఎత్తలేకపోతే ప్లానింగే ఆగిపోతుంది.

అన్నింటికంటే ముఖ్యం జ్వరం. కీమో ఇచ్చిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు మామూలు ఇన్‌ఫెక్షన్ కూడా గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. థర్మామీటరు ఇప్పుడే కొనండి. 100.4 ఫారెన్‌హీట్ దాటితే పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, జ్వరం దిగినట్టు కనిపించి అసలు జబ్బు దాక్కుంటుంది. అర్ధరాత్రయినా వెళ్లాల్సిందే. క్యాజువాల్టీలో మొదటి మాటగా "కీమో నడుస్తోంది" అని చెప్పండి. పల్లెల్లో ఉంటే ఏ ఆసుపత్రికి, ఎవరి బండిలో అన్నది ముందే మాట్లాడి పెట్టుకోండి. డాక్టరు నంబరు ఇంట్లో ఒక్కరి ఫోన్లోనే ఉంటే చాలదు.

పలకరించడానికి వచ్చేవాళ్లలో జలుబు, దగ్గు ఉన్నవాళ్లను మొహమాటం లేకుండా తర్వాత రమ్మనండి. తినేది వేడిగా, అప్పటికప్పుడు వండినదైతే చాలు. బండి మీది చట్నీలు వద్దు. ఎవరైనా పసరు మందు తెచ్చిస్తే డాక్టరుకు చూపించకుండా తాగొద్దు, కాలేయం దెబ్బతింటే కీమోనే ఆపాల్సి వస్తుంది.

జుట్టు ఊడే మందే అయితే మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాల్లో ఊడటం మొదలవుతుంది. ముందే పొట్టిగా కత్తిరించుకుంటే దిండు నిండా పొడుగు వెంట్రుకలు చూసే బాధ తగ్గుతుంది. తిరుపతి మొక్కు ఉంటే, కుట్లు మానాక డాక్టరును అడిగి, కీమోకి ముందే తలనీలాలు ఇచ్చి రండి. మొదలయ్యాక కత్తిగాట్లూ, క్యూలైన్లలో రద్దీ రెండూ ప్రమాదమే.