ఇంట్లో స్టీరియో, 4వ పాఠం: వాల్వా, ట్రాన్సిస్టరా?

గత పాఠం చివర, మీ స్పీకర్ వెనక అంటించిన చీటీలోని రెండు అంకెలను నోటుపుస్తకంలో రాసుకోమన్నాను: సెన్సిటివిటీ ఎంత, ఓమ్‌లు ఎన్ని. ఈ వారం ఆ అంకెలతోనే పని. యాంప్లిఫయర్ కొనే ముందు అందరూ వాల్వు (గాజు బుడ్డిలా ఉండే వాక్యూమ్ ట్యూబు) మంచిదా, ట్రాన్సిస్టర్ మంచిదా అని అడుగుతారు. దానికి జవాబు మీ స్పీకర్ దగ్గరే ఉంది.

సెన్సిటివిటీ అంటే 1 వాటు ఇస్తే 1 మీటరు దూరంలో స్పీకర్ ఎంత గట్టిగా పలుకుతుందన్న లెక్క. అల్మరాలో పట్టే చిన్న స్పీకర్లకు ఇది సాధారణంగా 85 నుంచి 88 డెసిబెళ్లు. పెద్ద హారన్ స్పీకర్లు 95 దాటుతాయి. శక్తి రెట్టింపైతే 3 డెసిబెళ్లు, పదిరెట్లైతే 10 డెసిబెళ్లు పెరుగుతాయి. ఈ ఒక్క సూత్రం నోటికి రావాలి.

ఇప్పుడు లెక్క వేద్దాం. చానెల్‌కు ఒక్క 300బి వాల్వుతో చేసిన యాంప్లిఫయర్ ఇచ్చేది సుమారు 8 వాట్లు. ఒకటి రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదయ్యేసరికి మూడు రెట్టింపులు, అంటే 9 డెసిబెళ్లు. 86 డెసిబెళ్ల స్పీకర్ 95 దగ్గర ఆగిపోతుంది. 96 డెసిబెళ్ల స్పీకర్ 105 దాకా వెళుతుంది. మొదటి స్పీకర్‌ను కూడా అక్కడికి చేర్చాలంటే 80 వాట్లు కావాలి. అన్ని వాట్లు తక్కువ ఖర్చులో ఇచ్చేది ట్రాన్సిస్టరే.

కచేరీ సగటున 75 డెసిబెళ్లలో సాగుతున్నా, మృదంగం మీద గట్టి దెబ్బ పడిన క్షణం 15, 20 డెసిబెళ్లు పైకి లేస్తుంది. వాట్లు అవసరమయ్యేది ఆ క్షణానికే. ఒకసారి చిక్కడపల్లిలోని మా ఇంటికి మిత్రుడొకరు తన 300బి యాంప్లిఫయర్ తెచ్చారు. నా 86 డెసిబెళ్ల స్పీకర్లకు తగిలించాం. గాత్రం వింటుంటే గాయని ఎదురుగా కూర్చున్నట్టే ఉంది, శ్వాస తీసుకోవడం కూడా తెలిసింది. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగం, మొదలయ్యాక తొప్పి (ఎడమ) వైపు దెబ్బ మెత్తబడి, గుమికీ అనే జారే మంద్రనాదం అలికేసినట్టు వినిపించింది. అదే యాంప్లిఫయర్‌ను మల్కాజిగిరిలో ఆయన ఇంట్లో 96 డెసిబెళ్ల స్పీకర్లతో విన్నాను. దెబ్బకూ దెబ్బకూ మధ్య నిశ్శబ్దం కూడా విడిగా వినబడింది.

వాల్వు నాదం తీయగా ఉందంటారు, అది ఉత్త భ్రమ కాదు. అసలు స్వరానికి రెండు, మూడు రెట్ల కంపనంతో తోడుగా పలికేవి అనుస్వరాలు (హార్మోనిక్స్). ఒక్క వాల్వుతో నడిచే యాంప్లిఫయర్ అసలు నాదానికి ఎక్కువగా రెండో అనుస్వరం కలుపుతుంది. మీరు సా పాడితే రెండో అనుస్వరం పై షడ్జమం, మూడోది దాని పైని పంచమం. తంబురా వినే చెవికి ఇవి పరాయివి కావు. ఏడోది మాత్రం కైశికి నిషాదానికి కాస్త దిగువన పడి ఏ స్వరస్థానంలోనూ కుదరదు. మంచి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ తన వాట్ల హద్దులో ఉన్నంతసేపు చెవికి తెలిసేంతగా ఏమీ కలపదు. హద్దు దాటితే అలల తలలు ఒక్కసారిగా నరికినట్టవుతాయి, అప్పుడు అలాంటి పొసగని అనుస్వరాలు గుంపుగా పుట్టి చెవిలో గుచ్చుకుంటాయి. వాల్వు హద్దు దగ్గర మెల్లగా వంగుతుంది. అందుకే వాల్వును కొంచెం మీరినా చెవి ఓర్చుకుంటుంది.

ఇక ఓమ్‌ల సంగతి, అంటే స్పీకర్ కరెంటుకు చూపే అడ్డు. 8 ఓమ్‌లని రాసిన స్పీకర్ కొన్ని స్వరాల దగ్గర 4కు దిగవచ్చు. వాల్వు యాంప్లిఫయర్ ఆ ఒడుదొడుకులకు లొంగుతుంది, దాంతో కొన్ని స్వరాలు హెచ్చుతగ్గులుగా వినిపిస్తాయి; ట్రాన్సిస్టర్ అంతగా లొంగదు.

మన ఊరి ఎండను మరవకండి. నాలుగు ఈఎల్34 వాల్వుల హీటర్లకే 38 వాట్లు కావాలి. మిగతాది కలిపితే పాట లేకున్నా 100 వాట్లకు పైగా వేడి గదిలోకి వస్తుంది. మే నెలలో తలుపులు మూసుకుని వినేవారికి ఇది చిన్న విషయం కాదు. పిల్లలున్న ఇంట్లో గాజు బుడ్లకు జాలీ తప్పనిసరి. స్పీకర్ తగిలించకుండా వాల్వు యాంప్లిఫయర్‌లో పాట పెట్టకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదముంది. లోపల 400 వోల్టులు, కొన్నిటిలో అంతకు పైగా కూడా ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది. మూత మీరు విప్పవద్దు.

నా సలహా సూటిగా చెబుతాను. స్పీకర్ 88 కన్నా తక్కువైతే 50 నుంచి 80 వాట్ల ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ తీసుకోండి. 93 దాటితే, మీరు ఎక్కువగా వినేది గాత్రమూ వీణా అయితే, చిన్న వాల్వు యాంప్లిఫయర్‌కు డబ్బు పెట్టడం న్యాయమే. ఆ మధ్యలో ఉన్నవారికి రెండేసి ఈఎల్34లు జతగా పనిచేసే 30, 40 వాట్ల యాంప్లిఫయర్ సరిపోతుంది.

ఈ వారం అభ్యాసం: మీ స్పీకర్ సెన్సిటివిటీకి 8, 40, 80 వాట్లకు వచ్చే డెసిబెళ్లు లెక్కగట్టండి. ఆ కాగితం జేబులో పెట్టుకుని కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లండి, ఫోనులో తని ఆవర్తనం ఉన్న కచేరీ ఒకటి వేసుకోండి. గాత్రం విని మెచ్చి లేచి రాకండి, మృదంగం దాకా కూర్చోండి. దుకాణంలో విన్న స్పీకర్ అంకె కూడా రాసుకురండి. వచ్చే పాఠంలో దాన్ని మీ గది కొలతలతో కలిపి చూద్దాం.