ఆప్షన్ ధరల్లో స్క్యూ ఎలా కొలవాలి?

గుంటూరు మిర్చి ధర చూస్తూ పెరిగినవాళ్లకి స్క్యూ, అంటే ధర కదలికలు ఒకవైపు తోకలా పొడుగ్గా సాగడం, కొత్తేమీ కాదు. కోల్డ్ స్టోరేజీల్లో సరుకున్నంత కాలం ధర నెమ్మదిగా కదులుతుంది. పంట దెబ్బతిని నిల్వలు అడుగంటితే ఒక్కసారిగా ఎగబాకుతుంది. తోక కుడివైపు. నిఫ్టీది దీనికి తలకిందులు: ఎక్కేది మెల్లగా, పడేది ధడాలున. 2020 మార్చి 23న ఒక్కరోజే 13 శాతం దాకా పడింది. 1973 నాటి బ్లాక్-షోల్స్ మోడల్ లాగ్ రిటర్నులు (ధర మార్పుల లాగరిథం) రెండువైపులా సమానమనుకుంటుంది. 1987 అక్టోబరులో అమెరికా షేర్ల పతనం తర్వాత మార్కెట్ అలా అనుకోవడం మానేసింది. అందుకే స్ట్రైకును (ఆప్షన్‌లో ముందే ఖాయం చేసుకున్న ధరను) బట్టి ఐవీ (ఇంప్లైడ్ వొలటిలిటీ, అంటే ఆప్షన్ ధరలో దాగున్న ఒడిదుడుకుల అంచనా) మారుతుంది. మనం కొలవాల్సింది ఆ మార్పునే.

1. ఎక్సెల్ తెరవండి. ఎన్‌ఎస్‌ఈ ఆప్షన్ చెయిన్ (స్ట్రైకుల వారీ ధరల పట్టిక)‌లో నెల గడువున్న నిఫ్టీ సిరీస్ తీసుకోండి. వీక్లీ ఆప్షన్లు వద్దు. చివరి ట్రేడ్ ధర కూడా వద్దు. బిడ్ (కొనేవాళ్ల ధర), ఆస్క్ (అమ్మేవాళ్ల ధర)‌ల సగటే రాసుకోవాలి.

2. ఫార్వర్డ్ ధర (గడువు రోజుకి మార్కెట్ ఇప్పుడు లెక్కగట్టే నిఫ్టీ ధర) కట్టండి. పని చెడేదంతా ఇక్కడే. చాలామంది స్పాట్ (ఇప్పటి) ధర పెట్టేసి, వడ్డీ సున్నా అనుకుని ముందుకెళ్లిపోతారు. అప్పుడు కాల్స్ (కొనే హక్కులు) ఐవీ లేనిపోనిది పెరుగుతుంది, పుట్స్ (అమ్మే హక్కులు) ఐవీ తగ్గుతుంది, ఉన్న స్క్యూలో కొంత మాయమవుతుంది. వచ్చిన అంకె తప్పని చూడగానే తెలియదు కూడా. అదే ప్రమాదం.

ఫార్వర్డ్‌ని ఆప్షన్ల నుంచే రాబట్టండి. 25,000 స్ట్రైక్ కాల్ 310, పుట్ 190, గడువు 30 రోజులు, వడ్డీ 6.5 శాతం అనుకుందాం. కాల్‌లోంచి పుట్ తీస్తే 120. దానికి నెల వడ్డీ కలిపి స్ట్రైకుకు చేర్చండి: సుమారు 25,121. డివిడెండ్ లెక్క విడిగా అక్కర్లేదు, అది ఇందులోనే ఉంది.

ఇప్పుడు పరీక్ష. ఈ ఫార్వర్డ్‌తో బ్లాక్-76 సూత్రం (బ్లాక్-షోల్స్‌కే ఫార్వర్డ్ ధర మీద నడిచే రూపం) వేసి, ఎక్సెల్‌లోని గోల్ సీక్‌తో అదే 25,000 స్ట్రైకులో కాల్ ఐవీ, పుట్ ఐవీ తీయండి. రెండూ ఒక్కటే రావాలి. రాకపోతే ఆగిపోండి, లెక్క మళ్లీ చూసుకోండి. చెయిన్ పేజీలో ఇచ్చే ఐవీని నేరుగా ఎత్తుకోవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే: వాళ్లు ఏ వడ్డీ, ఏ ఫార్వర్డ్ పెట్టారో మన చేతిలో ఉండదు.

3. ఫార్వర్డ్‌కి ఐదు శాతం కింద పుట్, ఐదు శాతం పైన కాల్ తీసుకోండి. ఇక్కడ దగ్గరి స్ట్రైకులు 23,850, 26,400. పుట్ ఐవీలోంచి కాల్ ఐవీ తీసేయండి. ప్లస్ వస్తే తోక ఎడమవైపు.

పాత రిటర్నుల మీద ఎక్సెల్ స్క్యూ ఫంక్షన్ వేస్తే వచ్చేది వేరే సంగతి. అది జరిగిపోయినదాని లెక్క. ఐవీ తేడా రాబోయేదానికి మార్కెట్ కడుతున్న ధర. ఒకదాని చోట ఇంకోటి పెట్టొద్దు. పాత లెక్క వేసినా 2020 మార్చి 23 లాంటి రోజును తేడాగా ఉందని తీసేయొద్దు. స్క్యూలో సగటు నుంచి ప్రతి తేడా ఘనం (మూడో ఘాతం) అవుతుంది కాబట్టి అంకెలో బలమంతా ఆ కొద్ది రోజులదే.

4. మర్నాడు అదే వేళకు మళ్లీ కొలవండి. స్ట్రైకులు మాత్రం కొత్త ఫార్వర్డ్ నుంచి ఐదు శాతం లెక్కన మళ్లీ ఎంచుకోవాలి.