గండికోట ఫొటోలు స్టాక్ సైట్‌లో అమ్మకానికి పెట్టేముందు

అప్‌లోడ్ కొట్టేముందు 100 శాతం జూమ్ చేసి మూలమూలా చూడండి, నేను గండికోటలో పెన్నా లోయ మీద సూర్యోదయం తీస్తే, ఆకాశంలో కెమెరా సెన్సార్ మీది దుమ్ము వల్ల పడిన చుక్క ఒకటి చూసుకోలా, రిజెక్ట్ అయింది, చానా బాధేసింది.

మొహం గుర్తుపట్టేలా ఉంటే మోడల్ రిలీజ్ (ఫొటో అమ్ముకోడానికి ఒప్పుకున్నట్టు ఆ మనిషి ఇచ్చే కాగితం) మీద సంతకం ఉండాల్సిందే, మీ అవ్వ శనక్కాయలు వొలుస్తా ఉన్న ఫొటో అయినా సరే, మనింటి మనిషే కదా అని వదిలేయొద్దు. పిల్లలైతే అమ్మో నాయనో పెట్టాల. షాపు బోర్డులు, టీషర్ట్ లోగోలు ఉంటే తీసేయండి.

అడోబ్ స్టాక్ అనే సైట్‌కి కనీసం 4 మెగాపిక్సెల్ కావాల, వాట్సాప్‌లో పంపుకున్న కాపీ అసలొద్దు, క్వాలిటీ పోతుంది.

ఎక్స్‌క్లూజివ్ అని టిక్ పెడితే మళ్ల అదే ఫొటో ఇంకోచోట అమ్మకూడదు, అది చదివి పెట్టండి.